చెరపకూడదన్న షరతు మీద అయిదు రోజులు

మొదటి రోజు: హైదరాబాదు నుంచి బెలూం

నవంబరు చివరి వారంలో ఒక శుక్రవారం, తెల్లవారుజామున నాలుగున్నరకు మేం నలుగురం కారులో బయలుదేరాం. నేను బ్యాంకులో పనిచేస్తాను. మా అక్కను చేసుకున్న బావ నీటిపారుదల శాఖలో ఇంజనీరు. మా వీధిలోనే ఉండే డాక్టరమ్మ పిల్లల వైద్యురాలు. నాలుగో మనిషిని నేనూ డాక్టరమ్మా బాబాయి అంటాం, ఆ వరుసనే పట్టుకుని మా బావ మామయ్య అంటాడు. ఆయన ముప్పై నాలుగేళ్లు ఒక చిన్న పట్టణంలో ఫొటో స్టూడియో నడిపి, ఆరేళ్ల కిందట దాన్ని మూసి, కూతురి దగ్గర ఉండడానికి మా కాలనీకి వచ్చారు. మా ముగ్గురికీ కెమెరా ఎలా పట్టుకోవాలో చెప్పింది ఆయనే.

శంషాబాదు దాటక ముందే బాబాయి ఒక షరతు పెట్టారు. ఇంటికి చేరేదాకా కెమెరాలోంచి ఒక్క ఫొటో కూడా చెరపకూడదు. తిరిగి వచ్చాక ఒక్కొక్కరు మూడేసి ప్రింట్లు వేయించాలి, ఆ మూడింటిలో ఒకటి తాము పాడైపోయిందని అనుకున్నదే అయి ఉండాలి.

"పాడైపోయినదానికి కూడా డబ్బులు పోయాలా మామయ్యా?" అని బావ అడిగాడు.

"పోయాలి అల్లుడూ. బాగున్నవి నువ్వు ఎలాగూ పదిమందికీ ఫోనులో చూపించుకుంటావు. బాగాలేనిది ఎందుకు బాగాలేదో కాగితం మీదికి వస్తేనే తెలుస్తుంది."

కర్నూలులో ఉగ్గాని, బజ్జీ తిని, బనగానపల్లె మీదుగా మధ్యాహ్నానికి బెలూం చేరాం. పైనుంచి చూస్తే అక్కడ చదునైన పొలాలు తప్ప ఏమీ కనిపించదు. నేలలో బావిలాంటి గొయ్యి ఒకటి ఉంటుంది, అందులోకి మెట్లు దిగితే గుహ మొదలవుతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల సంగతి రాశారు. దాదాపు వందేళ్ల తర్వాత హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మనీ నుంచి వచ్చిన బృందం లోపలి దారులన్నీ తిరిగి కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అన్నిటికన్నా లోతైన చోటు, పాతాళగంగ అనే నీటిపాయ, 46 మీటర్ల కింద ఉంది. ఇప్పుడు దారి పొడవునా దీపాలున్నాయి కాబట్టి మనం నడవగలుగుతున్నాం, కాని మనిషి కంటికి సరిపోయే ఆ వెలుతురు కెమెరాకు ఏ మూలకూ చాలదు.

కష్టం లోపలికి అడుగుపెట్టగానే మొదలైంది. కారులో చల్లటి గాలికి అలవాటుపడిన కెమెరాలు గుహలోని వేడికీ ఉక్కకూ ఒక్కసారిగా చెమర్చాయి. డాక్టరమ్మ తీసిన మొదటి అయిదు ఫొటోల్లో గుహకు బదులు పొగమంచు వచ్చింది. ఆమె చీర చెంగుతో లెన్సు తుడవబోతుంటే బాబాయి చెయ్యి అడ్డం పెట్టి, తుడిచే కొద్దీ మళ్లీ పడుతుందనీ, దానంతట అది వేడెక్కితే తేమ పోతుందనీ, అందాకా ఫొటోల మాట మరచి గుహను కళ్లతో చూడమనీ చెప్పారు. పావుగంట సేపు అలాగే చూశాం. ఆ పావుగంటలో చూసినదే నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. కప్పు నుంచి వందలాదిగా వేలాడే కోటిలింగాల రాళ్ల మీద తడి మెరుపు నిలకడగా ఉండక, మనం తల తిప్పినప్పుడల్లా ఒక రాయి నుంచి ఇంకో రాయికి మారుతూ వచ్చింది.

ఇరుకు దారుల్లో వెనక వచ్చేవారికి అడ్డమవుతుందని ట్రైపాడ్‌ను కారులోనే వదిలేశాం. పాతాళగంగ దగ్గర, మాకు దారి చూపిస్తున్న పనివాడు టార్చిలైటు పట్టుకుని నీరు ఎటు మాయమవుతుందో చూపించాడు. నేను గోడకు భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి, సెకనులో ఎనిమిదో వంతు షట్టరు వేగంతో ఒకే ఒక్క ఫొటో తీశాను. నేను కదలలేదు, అతను కదిలాడు. టార్చి వెలుగు మెలికలు తిరిగిన గీతలా వచ్చింది, ముఖం రెండుగా చీలింది.

బావ నా కెమెరా తెర చూసి, "బావా, ఇతనికి రెండో ముక్కు ఎప్పుడు మొలిచింది?" అన్నాడు. అతని కెమెరాలో ఉన్నవి ఇంతకన్నా షేక్ అయ్యాయి. అందుకు తన లెన్సు పాతదని కారణం చెప్పబోతే, బాబాయి ఆడలేక మద్దెల ఓడన్న సామెత సగమే అన్నారు, మిగతా సగం డాక్టరమ్మ పూర్తిచేసింది.

బయటికి వచ్చాక గుహ ముఖద్వారం దగ్గర ఎండలో అదే పనివాణ్ని నిలబెట్టి ఇంకో ఫొటో తీశాను. అది చొక్కా గుండీల దాకా స్పష్టంగా వచ్చింది. "సార్, ఫొటో పంపుతారా? అందరూ పంపుతామనే అంటారు" అని అతను అడిగాడు. డాక్టరమ్మ తన మందుచీటీల పుస్తకంలో అతని చిరునామా రాసుకుంది.

రెండో రోజు: గండికోట

రాత్రికి గండికోట చేరి పర్యాటక శాఖవారి అతిథి గృహంలో దిగాం. తెల్లవారుజామున అయిదింటికే టార్చి వెలుగులో కోటలోంచి నడిచి లోయ అంచుకు వెళ్లాం. పెన్నానది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయే చోటు అది. పలకలు పేర్చినట్టున్న ఎర్రరాతి గోడలు రెండు వైపులా నిలువుగా దిగుతాయి, అడుగున నది ఒంపు తిరుగుతుంది.

ఎండ మొదట ఎదుటి గోడ పైవరస రాళ్లకు తాకింది. రాయి ఇటుక రంగు నుంచి నిప్పు రంగుకు మారింది, నది మాత్రం ఇంకా చీకట్లోనే ఉంది. కెమెరాను ఆకాశానికి కొలిస్తే లోయ బొగ్గు ముద్ద అవుతుంది, లోయకు కొలిస్తే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. ఒకే చోట నిలబడి, ఒకదాని తర్వాత ఒకటిగా మూడు రకాల ఎక్స్‌పోజర్లలో, అంటే వెలుగును పెంచుతూ తగ్గిస్తూ, తీయమన్నారు బాబాయి. నేను అలాగే తీశాను. వాటిలో మధ్యది నా కెమెరా తెర మీద అద్భుతంగా ఉంది. ప్రింటు వేయించే మొదటి ఫొటో ఇదేనని అప్పుడే నిశ్చయించుకున్నాను.

బావ ఫొటోలో నది ఎడమవైపుకు ఒరిగింది.

"అన్నయ్యగారూ, పెన్న ఒలికిపోతోంది, కింద గిన్నె పెట్టండి" అంది డాక్టరమ్మ.

"కాలవలకు వాలు పెట్టి పెట్టి ఆయన చెయ్యికి అదే అలవాటైంది చెల్లెమ్మా" అని నేను కలిపాను. బావ మనసారా నవ్వాడు. నవ్వుతూనే అదే రాయి మీద మళ్లీ కూర్చుని, తెర మీద గళ్లు వేసే సౌకర్యం ఎక్కడుందో వెతికి పెట్టుకుని, ఇంకో ఇరవై ఫొటోలు తీశాడు.

పగలంతా కోటలో గడిపాం. జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ స్వామి ఆలయం ఒకదానికొకటి పిలుపు దూరంలో ఉన్నాయి. మాధవరాయ ఆలయ గోపురం బావ ఫొటోల్లో వెనక్కి పడిపోతున్నట్టు వచ్చింది. ఇంజనీరుకు గోడ నిట్టనిలువుగా లేకపోతే తట్టుకోవడం కష్టం, అతను నిజంగానే నొచ్చుకున్నాడు. కెమెరాను పైకెత్తి తీస్తే నిలువు గీతలు పైన దగ్గరికి వస్తాయని బాబాయి వివరించారు. కెమెరాను నేలకు సమాంతరంగా ఉంచి, వీలైనంత వెనక్కి జరిగి, ఫ్రేములో కింద నేల ఎక్కువగా వచ్చినా పరవాలేదనుకుని తీస్తే గోపురం నిటారుగా ఉంటుంది, అక్కర్లేని నేలను ప్రింటు వేసేటప్పుడు కోసేయవచ్చు. బావ వెనక్కి వెనక్కి జరిగి ఒక ముళ్లపొద దాకా వెళ్లి ఆగాడు. గోపురం నిటారుగా వచ్చింది, అడుగున సగం ఫొటో నిండా ఎండిన గడ్డి, దాని మీద ఒక మేక.

ఆ రాత్రి భోజనాల తర్వాత బాబాయి చెప్పిన సంగతి కోసమే నేను ఈ యాత్రను కాగితం మీద పెట్టాలనుకున్నాను. ఆయన స్టూడియోలో బిస్కట్ల డబ్బా ఒకటి ఉండేదట. గిరాకీలు చూసి వద్దన్న ప్రింట్లన్నీ అందులో వేసేవారు. కళ్లు మూసుకున్నవి, పాప ఏడ్చినవి, ఎవరో అడ్డం వచ్చినవి, తల తిప్పినవి. కాగితం, రసాయనం, శ్రమ అన్నీ ఖర్చయ్యాక వచ్చిన ప్రింటును చించడానికి ఆయనకు చెయ్యి ఆడేది కాదు. ఒకసారి ఒక పెళ్లిలో తలంబ్రాల వేళ పెళ్లికూతురు పగలబడి నవ్వుతూ చేత్తో నోరు కప్పుకుంది. పెళ్లికూతురు అలా నవ్వకూడదని పెద్దవాళ్లు ఆ ప్రింటును ఆల్బంలో పెట్టనివ్వలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె కూతురు స్టూడియోకు వచ్చి, అమ్మ పోయింది, ఆల్బంలో ఉన్న ఫొటోలన్నిటిలో అమ్మ తల వంచుకునే ఉంది, ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. బాబాయి డబ్బా దించారు.

"ఆ పిల్ల ఎంత సేపు చూసిందో నేను లెక్కపెట్టలేదు. డబ్బులు తీసుకోలేదు" అన్నారు.

బావ ఆ తర్వాత చాలా సేపు మాట్లాడలేదు. పడుకోబోయే ముందు తన కెమెరా తీసి, మధ్యాహ్నం ఎవరూ చూడకుండా చెరిపేసిన ఆరు ఫొటోల సంగతి మా ముందు ఒప్పుకున్నాడు.

మూడో రోజు: తిమ్మమ్మ మర్రిమాను

ముద్దనూరు, కదిరి మీదుగా ప్రయాణం. ఎక్కువ భాగం కారులోనే గడిచింది. కదిరికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దాని కొమ్మలు పరచుకున్న విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లు, అంటే నాలుగున్నర ఎకరాలకు పైమాటే. ఆ చెట్టు ఏ లెన్సుకూ పట్టదు. లోపల నిలబడితే అడవి కనిపిస్తుంది, బయటికి వస్తే పచ్చటి గుట్ట కనిపిస్తుంది, చెట్టు మాత్రం కనిపించదు. నేనూ బావా రెండు గంటలు తిరిగి తిరిగి ఏదీ తృప్తిగా తీయలేకపోయాం. డాక్టరమ్మ మొత్తం చెట్టు ఆలోచన మానుకుని, నేలకు ఇంకా జానెడు ఎత్తున ఆగిపోయి తాకీ తాకకుండా వేలాడుతున్న ఒక ఊడను మాత్రం తీసింది. ఆ చివర లేత ఎరుపు రంగులో చిగురులా ఉంది. ఆ రోజు మా అందరి కెమెరాల్లోకీ అదొక్కటే ఫొటో.

నాలుగో రోజు: లేపాక్షి

లేపాక్షి వీరభద్రాలయం ముందు రోజుల కష్టాలన్నిటినీ ఒకచోట కూర్చి పెట్టింది. వెలుతురు తక్కువ, స్తంభాలు నిలువుగా రావాలి, మనుషులు కదులుతారు, చూడవలసినదేమో తల మీద కప్పుకు ఉంది. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు 16వ శతాబ్దంలో కట్టించిన ఈ గుడి నాట్యమంటపం కప్పు నిండా వర్ణచిత్రాలున్నాయి. ఆ చిత్రాల్లోని ఆడవాళ్ల చీరల అంచులు చూస్తూ డాక్టరమ్మ మెడ నొప్పిని లెక్క చేయలేదు.

వేలాడే స్తంభం దగ్గర జనం బారులు తీరారు. నేలకూ స్తంభానికీ మధ్య సందులోంచి తువ్వాలో, చెంగో ఒక పక్క నుంచి దూర్చి రెండో పక్కకు లాగడం అక్కడికి వచ్చిన ప్రతివారూ చేసే పని. ఒక ముసలమ్మ వంగి తన చెంగు దూర్చుతుండగా నేను కెమెరా ఎత్తాను, అదే క్షణంలో ఒక పిల్లవాడు అడ్డంగా పరుగెత్తాడు. ముసలమ్మ తల తెగిపోయింది. మిగిలింది నేల మీద ఆనించిన ముడతల చెయ్యి, సందులోకి సగం వెళ్లిన జరీ అంచు, మూలన చెదిరిన ఒక చిన్న పాదం.

కప్పు చిత్రాలకు బాబాయి ఒక ఉపాయం చెప్పారు. మంటపంలో జనం పలచబడ్డాక, మడిచిన తువ్వాలు మీద కెమెరాను వెల్లకిలా పెట్టి, పది సెకన్ల టైమరు పెట్టి పక్కకు తప్పుకోవాలి. చేతి వణుకు ఉండదు, కప్పుకు కెమెరా సమాంతరంగా ఉంటుంది కాబట్టి బొమ్మలు వంకర పోవు. అలా తీసినవి నాలుగూ చక్కగా వచ్చాయి. అయిదోసారి టైమరు దీపం వెలుగుతోందో లేదోనని బాబాయే స్వయంగా వంగి చూశారు. అప్పుడే షట్టరు పడింది.

"మామయ్యా, విరూపణ్ణ తన బొమ్మ ఒకటి వేయించుకుంటే మీరు దాని మీద మీది వేయించుకున్నారు" అన్నాడు బావ.

బాబాయి తెర చూసి, "చెరిపెయ్ నాయనా, మంచి కప్పు పాడైంది" అన్నారు. నాలుగు రోజుల్లో షరతు తప్పమని అడిగింది ఆయన ఒక్కరే. ముగ్గురం ఒక్క గొంతుతో కుదరదన్నాం.

ఏకశిలా నంది దగ్గర ఎక్కువ సేపు ఆగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది, హైదరాబాదు చాలా దూరం. దారిలో మాటలు రాజా దీన్‌దయాళ్ మీదికి మళ్లాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో ఫొటోగ్రాఫరుగా ఉండి 1905లో కన్నుమూసిన ఆయన గాజు పలకల మీద పనిచేశారు. పలక ఎంత ఉంటే ప్రింటు అంతే, కాగితాన్ని పలకకు ఆనించి వెలుగు చూపించేవారు. తీసినది అక్కడికక్కడే తెర మీద చూసుకునే వీలు లేదు, బరువైన పలక ఒక్కొక్కటీ ఖర్చే. ఆయన పలకలు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. "ఆయనకు చెరిపే మీట ఉంటే మనకు ఎన్ని మిగిలేవో" అని డాక్టరమ్మ అంది. ఆ మాటకు బావ నా వైపు చూడకుండా రోడ్డు వైపే చూస్తూ కారు నడిపాడు.

అయిదో రోజు: ప్రింట్లు

మంగళవారం సాయంత్రం నలుగురం ల్యాబుకు వెళ్లాం. కిందటేడు ఒకచోట మేం వేయించిన సాయంసంధ్య ఫొటోలను యంత్రం తనంతట తాను సరిదిద్ది పట్టపగలు చేసి ఇచ్చింది. 8×10 అంగుళాల ప్రింటు అడిగితే రెండు పక్కలా కోసి, వరసలో చివర నిలబడ్డ మా అక్కను సగం చేసింది. మా కెమెరాల ఫొటో మూడుకు రెండు కొలతలో ఉంటుంది కాబట్టి 4×6, 8×12, 12×18 కాగితాలకు కోత లేకుండా సరిపోతుంది, 8×10కి సరిపోదు. ఈసారి రంగులు, వెలుగు ఏదీ ముట్టవద్దని ముందే కాగితం మీద రాసి ఇచ్చాం. కంప్యూటరు తెర వెనక దీపం ఉంటుంది, కాగితానికి ఉండదు. అందుకని ఇంట్లో తెర వెలుగు బాగా తగ్గించి ఫొటోలు సరిచూసుకున్నాం.

పెద్ద ప్రింట్లకు ముందు చిన్న ముక్కలు వేయించమన్నారు బాబాయి. డార్క్‌రూములో ఆయన చేసిన పని అదే. కాగితం ముక్క మీద అట్ట కప్పి, రెండేసి సెకన్లకు ఒకసారి అట్టను కొంచెం జరుపుతూ పోతే, డెవలపర్‌లో వేశాక ఒకే ముక్క మీద లేత నుంచి ముదురు దాకా చారలు వస్తాయి. వాటిలో నచ్చిన చారను బట్టి అసలు ప్రింటుకు ఎన్ని సెకన్లో తేల్చేవారు.

నేను గర్వపడిన గండికోట సూర్యోదయం 12×18లో నన్ను నిరాశపరిచింది. తెర మీద లోయలో కనిపించిన రాళ్లు కాగితం మీద ఒకే నల్లటి మచ్చ అయ్యాయి. కొలతకేమీ లోటు లేదు. అంగుళానికి 300 చుక్కల లెక్కన నా కెమెరా ఫొటో 20 అంగుళాల పొడవు దాకా సరిపోతుంది. లోటు వెలుగుది. మూడింటిలో ఎక్కువ వెలుగు ఉన్నదాన్ని మళ్లీ వేయిస్తే నది బయటపడింది, ఆకాశం కాస్త పాలిపోయింది. గుడ్డి కన్నా మెల్ల మేలన్నాడు బావ. నేను దాన్నే తీసుకున్నాను.

బావ గోపురం ఫొటోలో కింది గడ్డిని కోసేయడానికి ల్యాబు కుర్రవాడు గీత పెట్టాడు. బావ ఒక నిమిషం ఆగి, వద్దన్నాడు. ఆ ఎండుగడ్డీ మేకా లేకపోతే గోపురం ఎంత ఒంటరిగా ఉందో తెలియదన్నాడు. అతను మాట్లాడిన తీరుకు బాబాయి చాలా సంతోషించారు. ముసలమ్మ చెయ్యి 8×12లో వచ్చింది. తల లేని లోటు ఎవరికీ తోచలేదు, చూసిన నలుగురి వేళ్లూ ఒకరి తర్వాత ఒకరివి ఆ జరీ అంచు దగ్గరికే వెళ్లాయి. డాక్టరమ్మ ఊడకు మెరుపులేని మ్యాట్ కాగితం తీసుకుంది.

పాతాళగంగ ఫొటోను మొదట 12×18లో చూద్దామనుకుని చిన్న ముక్క వేయించాం. అంత పెద్దదిగా చూస్తే చెదిరిన ముఖం కంటికి ఇబ్బంది పెట్టింది. 4×6లో మాత్రం రెండు ముఖాలు ఒక కదలికగా కలిసిపోయాయి, టార్చి గీత నీటి వైపు దారి చూపింది. అది చేతిలో పెట్టుకుని చూడవలసిన ఫొటో. బాబాయి ముఖం అడ్డం వచ్చిన లేపాక్షి కప్పును ముగ్గురం మూడు కాపీలు వేయించాం, ఆయనకు చెప్పలేదు. కప్పు మీది ఎరుపులూ ఆకుపచ్చలూ ఆయన తెల్ల జుట్టు చుట్టూ నిలిచాయి, కళ్లద్దాల్లో కెమెరా దీపం చిన్న చుక్కలా ఉంది. ప్రింటు చూసి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వెనక పెన్సిలుతో తేదీ, ఊరు రాయమన్నారు.

మర్నాడు ఉదయం తపాలా కార్యాలయానికి నేనూ బాబాయీ వెళ్లాం. గుహల పనివాడికి ఏది పంపాలన్న దాని మీద రాత్రి వాదన జరిగింది. ద్వారం దగ్గరిది పంపితే చాలు, రెండు ముక్కులది చూసి నొచ్చుకుంటాడేమోనని బావ అన్నాడు. తన పని చేస్తూ తనకు తాను ఎలా ఉంటాడో అతను ఎప్పుడూ చూసి ఉండడని డాక్టరమ్మ అంది. రెండూ పంపుదాం, అతనే తేల్చుకుంటాడని బాబాయి అన్నారు. రెండు అట్టల మధ్య రెండు ఫొటోలూ పెట్టి, కవరు అంటించి, రిజిస్టరు చేయించాం. కిటికీ అవతల ఉన్న అమ్మాయి ముద్ర ఎత్తేసరికి బాబాయి తల లోపలికి వంచారు.

"అమ్మా, ముద్ర కాస్త అంచు మీద వెయ్యి తల్లీ, లోపల ఫొటోలున్నాయి."